పిలకోణ్ణి కొట్టకూడని నెలలు

మొన్న ఆదివారం మా అబ్బాయి సోఫాలో బోర్లా పడుకుని ఫోనులో ఏదో ఆట ఆడుతున్నాడు. పప్పుకి పోపు పెట్టి అటుగా వస్తూ ఆ తెరవైపు చూశాను. చూస్తే వాడు. గోధుమరంగు గుండ్రటి ఒళ్లు, నెత్తిన పీచు పిలక, కలిసిపోయిన కనుబొమలు, రెండు పొట్టి కాళ్లు. ఎవరి మీదా పగ లేనట్టు, అయినా ఎవరికీ దారి ఇచ్చేది లేనట్టు ఎదురుగా నడుచుకుంటూ వస్తున్నాడు. నా జుట్టు సగం నెరిసిపోయింది గాని వాడికి వయసు రాలేదు. ఇప్పుడు వాడి నీడ కూడా నేలమీద పడుతోంది, అంతే తేడా.

"కొట్టకు. దాటి వెళ్లిపో" అన్నాను, నాకు తెలియకుండానే.

మావాడు తలెత్తకుండానే వాడి నెత్తిమీదకి దూకాడు. టప్పుమని రెండు చిప్పలైపోయాడు వాడు. కొడితేనే కదా పాయింట్లొచ్చేది, నీకేం తెలుసమ్మా అన్నాడు నా పుత్రరత్నం. పిల్లవాడి తప్పేం లేదు, ఆ ఆట తయారైందే అలా. ఏ భాగంలో చూసినా ముందుగా ఎదురొచ్చి ముందుగా చచ్చేది వాడే. కానీ ఒకప్పుడు మా ఇంట్లో కొన్ని నెలలపాటు వాడు చావలేదు. చావకుండా ఇంటిల్లిపాదీ కాపాడుకున్నాం. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నేనూ మొదట్లో నవ్వినదాన్నే.

మాది గోదావరి పాయ పక్కన లంక ఊరు. పంటు పడవ ఎక్కి పాయ దాటి అవతలి ఒడ్డుకి చేరితే గాని బస్సు మొహం కనిపించేది కాదు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్‌లో ఎవరి ఇంట్లోనో పనికి వెళ్లింది. మా వీధిలో సగం మంది పిల్లలకి అమ్మ అంటే ఏడాదికోసారి వచ్చే పెట్టె. ఆ పెట్టె మూత తీయగానే ఇల్లంతా సబ్బు వాసన, అత్తరు వాసన. పాలపొడి డబ్బా అటక మీద దాచేది అమ్మమ్మ. నేను స్టూలెక్కి, అరచేతిలో పోసుకుని నాకేసి, నేరం పిల్లి మీదకి నెట్టేదాన్ని. పిల్లికి మూత తీయడం ఎప్పుడొచ్చిందే అని అమ్మమ్మ నా మూతికంటిన పొడి తుడిచేది.

ఇంట్లో అమ్మమ్మా, మామయ్యా, అత్తా, నేనూ. మామయ్యది కొబ్బరి పని. కాయల రాశి దగ్గర కూర్చుని ఇనుప మొలకి గుచ్చి పైనున్న పీచు డొక్క వలిచేవాడు, వలిచిన కాయని కత్తి వెనకవైపుతో ఒక్క దెబ్బ వేసి రెండు చిప్పలు చేసి ఎండలో పరిచేవాడు. మా పెరడంతా ఎండుకొబ్బరి వాసన. కాలువలో నానేసిన పీచు కంపు గాలికి వచ్చి ఆ తీపి వాసనలో కలిసేది. ఇప్పటికీ ఏ నూనె కొట్టు ముందు నిలబడ్డా నాకు ఆ పెరడే గుర్తొస్తుంది. మొలకెత్తిన కాయ పగిలినప్పుడు లోపల తెల్లగా, మెత్తగా కొబ్బరి పువ్వు ఉండేది. అది నాకు కావాలని నేను ఎంత గోల చేసినా, మామయ్య తువ్వాలులో చుట్టి అత్తకే తెచ్చేవాడు. అత్త సగం తుంచి మామయ్యకి పెట్టేది, మిగతా సగంలో సగం నాకు. లెక్కలో నాకు అన్యాయం జరుగుతోందని నేను మూతి ముడిచేదాన్ని.

అత్తది ఆలమూరు వైపు. తల్లి లేని పిల్ల. గట్టిగా మాట్లాడటం, ఇది కావాలి అని అడగటం ఆమెకి తెలియదు. పెళ్లయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. అప్పటినుంచి పేరంటాలకి పిలిస్తే వంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయేది.

ఆ ఏడు అమ్మ పంపిన పెట్టెలో టీవీకి తగిలించే వీడియోగేము వచ్చింది. అమ్మ పనిచేసే ఇంట్లో పిల్లలు ఆడి ఆడి విసిగి ఇచ్చేశారట. దాంతోపాటు మూడు కేసెట్లు, మూడూ ఒకే ఆటకి వేరువేరు భాగాలు. వీపున మూట కట్టుకున్న మనిషి ఒకడు పరిగెత్తుతూ, గోడలు ఎక్కుతూ, గోతులు దాటుతూ పోవాలి. మొదటి రోజు మామయ్య, నేను వైర్లతో తంటాలు పడి, కేసెట్లోకి ఉఫ్ ఉఫ్ అని ఊది, చివరికి బొమ్మ తెప్పించాం. ఆ బొమ్మలో మొదటగా మాకెదురొచ్చింది వాడే.

మామయ్య పగలబడి నవ్వాడు. దేవుడికి కొట్టే కాయకి పిలక మిగిల్చి వలుస్తారు కదా, అచ్చం అలాంటి కాయకి కాళ్లొచ్చినట్టున్నాడు. అక్కడికక్కడే వాడికి పిలకోడు అని పేరు పెట్టేశాడు. రెండో కేసెట్లో పిలకోడు ఇనుప టోపీ పెట్టుకున్నాడు, మూడోదాంట్లో వాడికి రెక్కలొచ్చాయి. ఎన్ని వేషాలేసినా నెత్తిన పడి తొక్కితే కొబ్బరికాయలాగే రెండుగా పగిలేవాడు. పగటి పూటంతా కాయలు కొట్టి వచ్చిన మామయ్య, సాయంత్రం టీవీ ముందు కూర్చుని మళ్లీ కాయలు కొట్టేవాడు. ఈ పనికి ఇంట్లో కూలెవరిస్తార్రా అనేది అమ్మమ్మ.

వర్షాలు మొదలవుతుండగా అత్తకి మళ్లీ నెల తప్పింది. నాలుగో నెల దాటేదాకా ఎవరికీ చెప్పలేదు. దాటాక అమ్మమ్మ కొడుకుని కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. కడుపుతో ఉన్నదాని మొగుడు గడ్డం గీయించుకోకూడదు. పాడె మోయకూడదు. కోడినీ చేపనీ, ఏ జీవాన్నీ చంపకూడదు. కొబ్బరికాయ కొట్టకూడదు.

మిగతావన్నీ ఎవరైనా పాటిస్తారు. కోనసీమలో కొబ్బరి పని చేసేవాడు కాయ కొట్టకుండా ఎలా బతుకుతాడు? దానికీ అమ్మమ్మే తీర్పు చెప్పింది. డొక్క వలవడం బట్ట విప్పడం లాంటిది, అందులో దోషం లేదు. పగలగొట్టడమే కూడదు. అంచేత మామయ్య వలిచి ఇస్తే, అమ్మమ్మ చీర బిగించి కూర్చుని కత్తి పట్టుకుని తనే కొట్టేది. రాశి దగ్గర తోటి పనివాళ్లు మామయ్యని ఆటపట్టించేవారు, సాయంత్రానికి అమ్మమ్మ చేతులు బొబ్బలెక్కేవి. మామయ్య కొబ్బరినూనె రాస్తూ, ఈ పిల్లో పిల్లాడో పుట్టాక నీ చేతులు చూపించి లెక్క అడుగుతానమ్మా అనేవాడు.

ఒక ముసురు మధ్యాహ్నం రాశి పని ఆగిపోయి అందరం ఇంట్లోనే ఉన్నాం. అమ్మమ్మ చింతపండు గింజలు తీస్తోంది. అత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మామయ్య ఆటలో పడి పిలకోణ్ణి తొక్కాడు. ఆ టప్పు శబ్దానికి అమ్మమ్మ తలెత్తింది.

"ఏరా, ఏం కొట్టేవు?"

"బొమ్మే అమ్మా."

"బొమ్మ సంగతి నేనడగలేదు. రెండు చిప్పలయ్యిందా, లేదా?"

మామయ్య నవ్వాడు, నేను ఇంకా గట్టిగా నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు. నడిచేదాన్ని చంపుతున్నావు, అది కాయలా పగులుతోంది, ఒక్క దెబ్బకి రెండు నియమాలూ పోయాయి అంది. మామయ్య ఏదో సరదా మాట అనబోతుంటే అత్త చేట పక్కన పెట్టింది.

"ఏవండీ, ఈ కొన్నాళ్లూ వద్దులెండి. నా కోసం ఆపెయ్యండి" అంది.

ఆమె నోట "నా కోసం" అనే మాట మేం వినడం అదే మొదలు. మామయ్య నవ్వు ఆపేసి "ఆయ్, అలాగే" అన్నాడు.

ఆ రోజునుంచి మా ఇంట్లో పిలకోడికి ప్రాణభయం లేదు. ఆటైతే మానలేదు. తొక్కకుండా పైనుంచి దూకి దాటేవాడు మామయ్య. కాలు తప్పి వాడి మీద పడేలా ఉంటే, వెనక్కి తిప్పి తనే గోతిలో పడి చచ్చేవాడు. మేనకోడలికి నియమం లేదని అమ్మమ్మ నాకు మినహాయింపు ఇచ్చింది గాని, మామయ్య పక్కన కూర్చుని నేనెలా కొడతాను? నేనూ దాటడమే. ఒకసారి పిలకోడు తనంతట తను గోతిలో పడిపోతే, ఆ పాపం ఎవరిదని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. వాడి ఖర్మ, మనకంటదు అని అమ్మమ్మ తేల్చింది. అత్త మాత్రం, పాపం కాస్త చూసి నడవచ్చు కదా వాడు, అని నిట్టూర్చింది. కొక్కెర రోగం వచ్చి మా దొడ్లో కోడి చచ్చిపోయినా ఆమె అంత బాధపడలేదు.

రెండో కేసెట్లో ఒక సొరంగం ఉండేది. పైకప్పు బాగా కిందికి, ఎగరడానికి చోటుండదు. లోపల్నుంచి పిలకోళ్లు బారులు తీరి వస్తారు. తొక్కుకుంటూ పోతే తప్ప దాటలేం. వారాల తరబడి అక్కడే ఆగిపోయాం. వెళ్లడం, వాళ్లు తగలడం, మనిషి చావడం, మళ్లీ మొదటికి రావడం. ఇక రెండో కేసెట్ అటక ఎక్కించేద్దాం అనుకుంటుండగా ఒకనాడు మామయ్య ఏమీ చెయ్యకుండా సొరంగం ముందున్న చిన్న అరుగులాంటిదాని మీద ఊరికే నిలబడ్డాడు. పిలకోళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి, అరుగు కిందనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక సొరంగం ఖాళీ. తీరిగ్గా దిగి, చేతులూపుకుంటూ లోపలికి నడిచాడు మామయ్య. అంత సులువు. కొట్టే అవకాశం ఉన్నవాడెవడూ అలా ఆగి చూడడు.

వెనక నుంచి అత్త నవ్వింది. నిండు నెలల మనిషి, గోడకి జారబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఇలా రావే అని నన్ను పిలిచి నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. లోపల ఏదో మెత్తగా తన్నింది. మామయ్య రిమోట్ కింద పెట్టి మా ఇద్దరి మొహాలూ చూశాడు. గడ్డం బాగా పెరిగిపోయి అప్పటికే సన్నాసిలా ఉండేవాడు. ఆ గడ్డంలోంచి కనిపించిన ఆ నవ్వుని నేను మళ్లీ ఎవరి మొహంలోనూ చూడలేదు.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. మంచాన్ని నలుగురు మోసి పంటు ఎక్కించారు. అవతలి ఒడ్డు నుంచి ఆటోలో అమలాపురం ఆసుపత్రికి. నన్ను పక్కింట్లో వదిలారు. పక్కింటావిడ పెట్టిన అట్టు తిని, పుట్టేది ఆడపిల్లో మగపిల్లాడో అని వాళ్ల పిల్లలతో పందెం వేసి, రేవులో కూర్చుని పంటు కోసం చూశాను.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య ఒక్కడే దిగాడు. చేతుల్లో కొత్త తువ్వాలు చుట్టిన మూట. పరిగెత్తుకు వెళ్లాను గాని దగ్గరికి వెళ్లాక అడగాల్సిన పని లేకపోయింది. ఆడపిల్ల. పేగు మెడకి చుట్టుకుందట. ఏడవలేదట అసలు. తోట చివర మామయ్య ఎవర్నీ పార ముట్టుకోనివ్వకుండా తనే తవ్వాడు. తర్వాత మంగలిని పిలిచి గడ్డం గీయించుకున్నాడు. నెలల తర్వాత బయటపడ్డ ఆ బుగ్గలు పాలిపోయి, చిన్నపిల్లాడి మొహంలా ఉన్నాయి. నాకు ఏడుపు అప్పుడొచ్చింది.

అత్తని ఇంటికి తెచ్చాక చుట్టాలు రావడం మొదలెట్టారు. మండపేట నుంచి అమ్మమ్మ అక్క వచ్చింది. మంచావిడే, కానీ తనకి తోచిందే వేదం. అత్త అన్నయ్య కూడా వచ్చి వసారాలో తలొంచుకుని కూర్చున్నాడు. అత్త లోపలి గదిలో పడుకుని ఉంది, తలుపు తీసే ఉంది. పెద్దమ్మమ్మ గొంతు తగ్గించలేదు. మూడూ నిలవలేదంటే ఆ కడుపులోనే దోషం ఉందనీ, పిల్లని అన్నయ్యతో పుట్టింటికి పంపేసి మగాడికి ఇంకో సంబంధం చూడటమే మంచిదనీ, ఎరిగున్న పిల్ల కూడా ఉందనీ చెప్పుకుపోతోంది. అమ్మమ్మ కాదనలేదు, ఔననలేదు. బొబ్బలు మానిన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. అత్త అన్నయ్య కండువాతో మొహం తుడుచుకుని, తీసుకెళ్లమంటే తీసుకెళ్తానండి, ఏం చేస్తాం అన్నాడు.

మామయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"దాన్ని ఎక్కడికీ పంపక్కర్లేదండి పెద్దమ్మా. దాంట్లో దోషం ఏం లేదు. తప్పు నాది. వద్దన్నా వినకుండా నేను పిలకోణ్ణి కొట్టేను."

పిలకోడెవడు అని పెద్దమ్మమ్మ అడిగింది. అమ్మమ్మకి అడగక్కర్లేకపోయింది. నుదురు కొట్టుకుంది. ఎన్నిసార్లురా అంది. చాలాసార్లేనమ్మా, ఎవరూ లేనప్పుడు, అన్నాడు మామయ్య. ఇన్నాళ్లూ ముసలి చేతులతో కాయలు కొట్టింది ఇందుకా అని అమ్మమ్మ అరిచింది, తిట్టింది, ఏడ్చింది. పెద్దమ్మమ్మ సంగతి కనుక్కుని ఆవిడా తిట్టింది. తిట్టాల్సిందంతా మామయ్యనే తిట్టారు. ఇంకో సంబంధం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అత్త అన్నయ్య సాయంత్రం పంటుకి ఒక్కడే వెళ్లిపోయాడు.

పిలకోణ్ణి కొట్టేనని మామయ్య అంటున్నప్పుడే నేను లేచాను. ఆ నెలల్లో టీవీ ముందు నేను లేకుండా మామయ్య రిమోట్ పట్టిందే లేదు. రెండో రిమోట్ నా చేతిలో ఉండేది. నేను నోరు తెరవబోతే మామయ్య నావైపు ఒక్క చూపు చూశాడు. కూర్చున్నాను. లోపలి గదిలో అత్త గోడవైపు తిరిగి పడుకోవడం నాకు కనిపించింది.

తర్వాత రాశి దగ్గరికి వెళ్లి అడిగాను, నువ్వు కొట్టలేదుగా మామయ్యా అని. చుట్టూ చూసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీకు తెలుసు కదమ్మా, అది చాలు నాకు. అత్తకి మాత్రం చెప్పకు. చెబితే అది ఊరుకోదు, అందరి ముందూ అనేస్తాది. మళ్లీ దాని మీద పడతారు."

ఆ రోజు మామయ్య కాయలు తనే కొట్టాడు. ఆట సామాను గుడ్డలో చుట్టి ఎటో పెట్టేశాడు, నేను అడగలేదు.

వాళ్లకి మరి పిల్లలు పుట్టలేదు. అత్త ఆ ఇంట్లోనే ఉంది, మామయ్యా ఉన్నాడు. చూసేవాళ్లకి ఏ లోటూ కనిపించదు. వేళకి కాఫీ, వేళకి అన్నం, ఉతికిన పంచె. ఏవండీ అనే పిలుపూ ఉంది. కానీ మామయ్య తెచ్చిన కొబ్బరి పువ్వు అత్త తీసుకుని, మొత్తం నా చేతిలో పెట్టేసేది. ఒకప్పుడు దాని కోసం అంత గోల చేసినదాన్ని, ఇప్పుడు పిల్లికి పెట్టేదాన్ని. పిల్లి కూడా వాసన చూసి వదిలేసేది. మామయ్య ముందు కంచం పెట్టి, వడ్డించి, ఆమె పెరట్లోకి వెళ్లిపోయేది. ఎన్నేళ్లయినా అంతే. అమ్మ తిరిగొచ్చి నన్ను రాజమండ్రి తీసుకెళ్లి చదివించింది, నా పెళ్లయింది, సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆ కంచం, ఆ పెరడు చూస్తూనే ఉన్నాను. ఒకసారి మామయ్యని అడిగాను, ఇంక చెప్పేయొచ్చు కదా అని. అమ్మమ్మ ఉందిగా ఇంకా, అన్నాడు. అమ్మమ్మ పోయాక అడిగితే, ఇప్పుడెందుకులేమ్మా, అలవాటైపోయింది అన్నాడు.

పోయిన ఆషాఢంలో మామయ్య రాశి దగ్గరే కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఒరిగిపోయాడు.

ఆ ఆదివారం మావాడు పిలకోణ్ణి పగలగొట్టాక నాకు వంట మీద మనసు నిలవలేదు. మామయ్యకిచ్చిన మాట మామయ్యతోనే పోయిందనిపించింది. ఇప్పుడు అత్తని పంపేసేవాళ్లెవరూ లేరు, తిట్టేవాళ్లు లేరు. మర్నాడు బస్సెక్కాను. ఇప్పుడు వంతెన ఉంది, పంటు లేదు.

అత్త వసారాలో కూర్చుని కొబ్బరాకు చీల్చి ఈనెలు తీస్తోంది, చీపుర్లకి. నన్ను చూసి సంతోషపడింది. మంచినీళ్లు తాగాక, పక్కనే కూర్చుని చెప్పేశాను. నువ్వు వద్దన్నాక మామయ్య కొట్టలేదత్తా, ఆ నెలలన్నీ నేను పక్కనే ఉన్నాను, ఒక్కసారి కూడా కొట్టలేదు, నిన్ను పంపించేస్తారని అలా అన్నాడు, అని.

అత్త చేతిలో కత్తి ఆగింది.

"బొమ్మని తొక్కితే బిడ్డ పోతాదని నేనెప్పుడూ అనుకోలేదే. అంత తెలివితక్కువదాన్ని కాదు" అంది. "ఆయన్ని నేను ఒక్కటడిగేను. అదొక్కటీ నా కోసం ఆపుకోలేకపోయేరు అనుకున్నాను. అదే మింగుడుపడలేదు."

కింద పడ్డ ఈనె ఒకటి తీసి ఆమె పక్కన పెట్టాను.

"అయితే ఆపేరన్నమాట" అంది.

తీసిన ఈనెలన్నీ దగ్గరికి చేర్చి, సమంగా తట్టి, కట్ట కట్టబోయి వదిలేసింది. వీధిలో కొబ్బరి ట్రాక్టరు ఏదో వెళ్తుంటే అది పోయేదాకా ఆగింది.

"ఆయన పోయే ముందు రోజు చేపల పులుసు చేసేను. తింటూ తింటూ, నువ్వూ కూర్చోవే అన్నారు. పెరట్లో పనుందని వెళ్లిపోయేను" అంది అత్త. "పనేం లేదే పెరట్లో."